నడుస్తున్న రౌటర్‌ని ఎందుకు మార్చాను: ఆరేళ్ల వాడకం తర్వాత

రాజోలు దగ్గర మా ఇంట్లో ఒకే రౌటర్ ఆరేళ్లకు పైగా నడిచింది. రెండు వైఫై బ్యాండ్లు (2.4, 5 గిగాహెర్ట్జ్), గిగాబిట్ పోర్టులు ఉన్న మధ్యరకం ధర మోడల్. ఫోన్లు, టీవీ, పిల్లల క్లాసులు, రొయ్యల చెరువు దగ్గరి కెమెరాలు, అన్నీ దాని మీదే. ఈమధ్య తీసేశాను. తీసేసేనాటికి కూడా అది బాగానే పనిచేస్తోంది.

నెట్ నెమ్మదించగానే రౌటర్ పాతదైపోయిందని కొత్తది కొనేస్తుంటారు. మన వైపు తప్పు చాలాసార్లు వేరేచోట ఉంటుంది. గాలివానకు కొబ్బరి మట్ట పడి ఫైబర్ తెగితే, నెట్ వాళ్లు పెట్టిన ఓఎన్‌యూ డబ్బా మీద ఎల్ఓఎస్ లైటు ఎర్రగా వెలుగుతుంది. అప్పుడు రౌటర్‌ని ఎన్నిసార్లు ఆపి వేసినా లాభం లేదు. రౌటర్ దానంతటదే ఆగి మళ్లీ మొదలవుతుంటే ముందు అడాప్టర్‌ని అనుమానించండి. కరెంటు హెచ్చుతగ్గులకూ వేడికీ అందులోని కెపాసిటర్లు నీరసిస్తాయి. నాదీ ఓ వేసవిలో అలాగే మొరాయించింది. అదే వోల్టేజీ, అంతకు తగ్గని ఆంపియర్లు ఉన్న అడాప్టర్ తెచ్చి పెడితే మళ్లీ పేచీ పెట్టలేదు. పెద్ద ప్లాన్ తీసుకున్నా కేబుల్ మీద 95 ఎంబీపీఎస్ దగ్గరే ఆగిపోతోందా? పోర్టు 100 ఎంబీపీఎస్‌దై ఉంటుంది, లేదా కేబుల్‌లో ఓ తీగ పోయి ఉంటుంది. పోర్టే చిన్నదైతే మార్చడం న్యాయమే.

నేను మార్చింది వీటిలో దేనికీ కాదు, అప్‌డేట్లు ఆగిపోయినందుకు. రౌటర్ అడుగున స్టిక్కర్ మీద మోడల్‌తో పాటు హార్డ్‌వేర్ వెర్షన్ ఉంటుంది. ఆ రెండూ కలిపి కంపెనీ సైట్‌లో వెతికితే చివరి ఫర్మ్‌వేర్ (రౌటర్‌ని నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) ఏ తేదీదో తెలుస్తుంది. నా మోడల్‌కి ఇక అప్‌డేట్లు ఇవ్వబోమని కంపెనీయే ప్రకటించింది. ఇది చిన్న విషయం కాదు, ఇకపై బయటపడే లోపాలను పూడ్చేవాళ్లుండరు. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ (హానిచేసే సాఫ్ట్‌వేర్), కొన్నప్పటి నుంచి మార్చని పాస్‌వర్డులతోనే కెమెరాలనూ, వాటి వీడియో దాచే డీవీఆర్‌లనూ రౌటర్లనూ లొంగదీసుకుంది. 2018లో వీపీఎన్‌ఫిల్టర్ అనే ఇంకో మాల్‌వేర్ బయటపడేసరికి 54 దేశాల్లో కనీసం 5 లక్షల పరికరాల్లో ఉంది. ఎక్కువ భాగం ఇళ్లల్లో, చిన్న ఆఫీసుల్లో ఉండే రౌటర్లే.

ఫైర్‌వాల్ ఉందిగా అంటారు. నిజమే, ఇన్నేళ్లూ అదే కాపాడింది. లోపలి నుంచి మనం అడిగినవాటికి జవాబుల్ని రానిస్తుంది, బయటివాళ్లు వాళ్లంతట వాళ్లు తలుపు తడితే ఆపేస్తుంది. కానీ ఆ పని చేసేది రౌటర్‌లోని సాఫ్ట్‌వేరే. గట్టుకే గండి పడితే తూము ఎంత బిగించి ఏం లాభం?

ఇంకో ప్రమాదం మనం చేతులారా తెరిచే దారులు. కెమెరాలు బిగించిన అబ్బాయి "పోర్టు ఓపెన్ చేసేస్తే ఫోన్లోకి డైరెక్టుగా వచ్చేస్తుందండి" అన్నాడు. అంటే బయటి నెట్ నుంచి నేరుగా కెమెరాల దాకా రౌటర్‌లో దారి తెరవడం. వద్దన్నాను. చెరువుల దగ్గర చాలామంది డీవీఆర్‌లు అలాగే లోకానికంతటికీ తెరిచి ఉంటున్నాయి, నాకు నిజంగా బెంగగా ఉంటుంది. రౌటర్ సెట్టింగుల్లో యూపీఎన్‌పీ కూడా ఆపేయండి, అది పరికరాలు కోరితే మనల్ని అడక్కుండానే దారులు తెరుస్తుంది. ఐపీవీ6 (కొత్త తరహా ఇంటర్నెట్ అడ్రసులు) వస్తున్న కనెక్షన్ అయితే ప్రతి ఫోనుకూ సొంత అడ్రస్ ఉంటుంది కాబట్టి దాని ఫైర్‌వాల్ విడిగా ఆన్‌లో ఉందో లేదో చూసుకోవాలి.

కొత్తది ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత రౌటర్ సాఫ్ట్‌వేర్ ఎక్కే వైఫై 6 రౌటర్‌నే ఏరి కొన్నాను. కంపెనీ చేతులెత్తేసినా ఆ సాఫ్ట్‌వేర్‌కి అప్‌డేట్లు వస్తుంటాయన్న ధీమా ఒకటి. కెమెరాలకు వేరే నెట్‌వర్క్, వేరే ఫైర్‌వాల్ జోన్ పెట్టాను. వాటిలో ఒకటి హ్యాకర్ల చేతిలో పడినా, అక్కణ్ణుంచి ఇంట్లో ఫోన్ల జోలికి రావడం కుదరదు. హైదరాబాద్ నుంచి తమ్ముడు చెరువు చూడాలంటే వైర్‌గార్డ్ వీపీఎన్‌తో, అంటే తాళం ఉన్నవాళ్లకే తెరుచుకునే రహస్య దారిలో, మా నెట్‌వర్క్‌లోకి వస్తాడు. దానికి పబ్లిక్ ఐపీ (బయటి నుంచి నేరుగా చేరగలిగే అడ్రస్) కావాలి, అది నెట్ వాళ్లని అడిగి తీసుకున్నాను.

లోపాలూ ఉన్నాయి. సెట్టింగులకు ఓ పూట పట్టింది, అలవాటు లేనివాళ్లు పక్కన తెలిసినవాళ్లని కూర్చోబెట్టుకోవాలి. మా పాత ఇంటి మందపాటి గోడల్లో 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ పాతదానికంటే మెరుగేమీ కాదు, వెనక వసారాలో ఇంకా 2.4 గిగాహెర్ట్జ్ మీదే వాడుతున్నాం.