ఎండాకాలంలో రంగులేసిన పాత ఫ్లాట్ కొనేముందు ఇది చదవండి

"ఫుల్లీ రెనోవేటెడ్, రెడీ టు మూవ్" అని పెట్టిన రీసేల్ ఫ్లాట్లు చూస్తున్నవాళ్ల కోసం రాస్తున్నాను. టోకెన్ ఇచ్చేముందు రెండు నిమిషాలు ఆగి చదవండి, మాకు చెప్పేవాళ్లు లేకపోయారు.

పోయిన ఏప్రిల్‌లో హైదరాబాద్ మల్కాజ్‌గిరిలో ఒక పదహారేళ్ల పాత అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తులో టూ బీహెచ్‌కే కొన్నాం. 58 లక్షలు. అమ్మింది అందులో కాపురమున్నవాళ్లు కాదు, పాత ఫ్లాట్లు కొని, కొంచెం పని చేయించి, లాభం వేసుకుని అమ్మే మనిషి. ఆ వ్యాపారమే తప్పని నేననను, పాత ఇంటిని నిజంగా బాగుచేసి అమ్మితే మనకూ మేలే. మేము చూసినప్పుడైతే ఇల్లు అద్దంలా ఉంది. హాల్లో పీఓపీ సీలింగ్, దాంట్లో పసుపు లైట్లు, గోడలకు లప్పం పెట్టి రాయల్ ఫినిష్, బాత్రూముల్లో కొత్త టైల్స్. మా ఆవిడ వంటింట్లోకి వెళ్లి చిమ్నీ చూడగానే సగం ఒప్పేసుకుంది. నేను కూడా అంతే, ఆవిడ మీద పెట్టడం ఎందుకు.

పెద్ద బెడ్‌రూమ్ వార్డ్‌రోబ్ తెరిస్తే కలరా ఉండల వాసన గుప్పుమంది. కొత్త ఇంట్లో, ఒక్క బట్ట కూడా లేని బీరువాలో కలరా ఉండలు ఎందుకు పెట్టారో అప్పుడు ఆలోచించలేదు.

జులైలో ముసురు పట్టిన నాలుగో రోజు, అదే వార్డ్‌రోబ్ పక్కన గోడ మీద అరచేతంత మేర లప్పం అప్పడంలా పొంగింది. వేలితో నొక్కితే లోపల మెత్తగా ఉంది, పెచ్చు ఊడి చేతిలోకొచ్చింది, వెనక గోడ నల్లగా, తడిగా. వార్డ్‌రోబ్‌లో బట్టలు తీస్తే వెనక ప్లైవుడ్ అంతా బూజు. వారం తిరక్కుండా హాల్లో పీఓపీకి టీ రంగు మరక. మేస్త్రిని పిలిచి సీలింగ్‌లో ఒక లైట్ ఊడదీసి టార్చ్ వేసి చూస్తే పైన శ్లాబు పెచ్చులూడి ఇనుప చువ్వలు తుప్పుతో బయటికి కనపడుతున్నాయి. అంటే ఆ సీలింగ్ అందం కోసం పెట్టింది కాదు, మూత.

వాచ్‌మన్ భార్య చూసి చాలా మామూలుగా చెప్పింది, "ఆ గోడ ప్రతి వానకాలం గిట్లనే ఏడుస్తది సార్, ముందున్నోళ్లు గందుకే అమ్ముకొని పోయిన్రు." ఏప్రిల్‌లో మేము నాలుగుసార్లు వచ్చి చూసి వెళ్లాం, ప్రతిసారీ గేటు తీసింది ఆవిడే, ఒక్కసారైనా అడగలేదు మేము.

కాగితాలన్నీ చూశాం. ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపించే సర్టిఫికెట్) తీయించాం, ప్రాపర్టీ ట్యాక్స్, నల్లా బిల్లు, కరెంటు బిల్లు, అసోసియేషన్ బకాయిలు అన్నీ చూశాం. ఈసీలో ఐదు నెలల కింద జరిగిన అమ్మకం స్పష్టంగా ఉంది. లాయర్ టైటిల్ క్లియర్ అనగానే అక్కడితో వదిలేశాం. నన్నడిగితే మొత్తం ఫైల్లో పనికొచ్చే లైను అదొక్కటే. ఐదు నెలల కింద అమ్ముకున్న మనిషి పేరు అందులోనే ఉంది, కింద ఏ ఫ్లాట్‌లో అడిగినా నంబర్ ఇచ్చేవాళ్లు, "ఎందుకమ్మారండీ" అని ఒక్క ఫోన్ కొట్టి ఉంటే ఈ కథే లేదు. బ్యాంకు వాళ్లు వాల్యుయేషన్ చేశారు కదా అని మాత్రం ధీమా పడకండి. మా దగ్గరికి వచ్చినాయన కొలతలు తీసుకుని, ఫోటోలు కొట్టి పది నిమిషాల్లో వెళ్లిపోయాడు. ఆయన చూసేది వాళ్ల లోను సేఫా కాదా అనే.

బాత్రూమ్ సంగతి వేరే. పాత టైల్స్ పగలగొట్టకుండా వాటి మీదే కొత్తవి అతికించారు. దాంతో నేల ఎత్తు పెరిగింది, తలుపు తగులుతుంటే కింద కోసేశారు, ఆ కోసిన చోట రంగు కూడా వెయ్యలేదు. వాలు పోయింది. స్నానం చేస్తే నీళ్లు నహానీ ట్రాప్ (నీళ్లు బయటికి పోయే జాలీ) వైపు కాకుండా బెడ్‌రూమ్ వైపు వస్తాయి. ఒక మగ్గు నీళ్లు పోసి చూస్తే ఏప్రిల్‌లోనే తెలిసేది, రూపాయి బిళ్లతో టైల్ మీద కొడితే బోలుగా మోగేది కూడా. మేము చూసిన రోజు మోటర్ పని చెయ్యట్లేదు, నీళ్లు లేవన్నారు. మీకూ ఎవరైనా అలా అంటే నీళ్లొచ్చిన రోజే వస్తామని చెప్పి వచ్చెయ్యండి. స్విచ్ బోర్డులు కొత్తవి, లోపల వైర్లు పాతవే, గీజర్, ఏసీ కలిపి వేస్తే ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్) పడిపోతుంది.

అమ్మినాయనకు ఫోన్ చేస్తే మొదట "వర్షాకాలం కదా సార్, అన్ని ఇళ్లల్లో ఉంటుంది" అన్నాడు, తర్వాత "మీరు చూసుకునే కదా కొన్నారు" అన్నాడు. అగ్రిమెంట్‌లో నిజంగానే ఆ ముక్క ఉంది, ఉన్నది ఉన్నట్టుగా తీసుకుంటున్నామని, చూసి తృప్తి చెందామని. డాక్యుమెంట్ రైటర్ గబగబా చదువుతుంటే తలూపాం. లాయర్‌ని అడిగితే, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 55 ప్రకారం, కొనేవాడు మామూలుగా చూస్తే దొరకని లోపం తనకు తెలిసుంటే అమ్మేవాడు చెప్పి తీరాలి, కానీ ఆయనకు తెలుసని మనం రుజువు చెయ్యాలి, కోర్టంటే ఏళ్లు అన్నాడు. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) కింద ఐదేళ్ల గ్యారంటీ ఉంటుంది కదా అంటే, అది కొత్త ప్రాజెక్టు కట్టి ఇచ్చిన బిల్డర్‌కి, పాత ఫ్లాట్ చేతులు మారితే కాదన్నాడు. వెనక్కి ఇచ్చేద్దామన్నా రిజిస్ట్రేషన్‌కి 7.5 శాతం లెక్కన 4 లక్షల 35 వేలు కట్టేసి ఉన్నాం, అది ఎవడిస్తాడు?

లీకు అసలు పైవాళ్ల బాత్రూమ్‌ది. పైన ఓనర్ అమెరికాలో, ఉన్నది కిరాయివాళ్లు. వాళ్ల నేల పగలగొట్టి, పైపు జాయింట్ మార్చి, వాటర్‌ప్రూఫింగ్ చేసి, రెండు రోజులు నీళ్లు నిలబెట్టి చూస్తే తప్ప కింద మేము ఎన్ని కోటింగులు రంగేసినా దండగే అంటున్నాడు మేస్త్రి. శ్లాబుకి, మా గోడకి కలిపి లక్షా నలభై వేలు చెప్పాడు. ఆ డబ్బు ఎవరు పెట్టుకోవాలని అసోసియేషన్‌లో ఇప్పటికి మూడు మీటింగులయ్యాయి, టీలు అయ్యాయి.

మల్కాజ్‌గిరి వైపే అదే మనిషి ఇంకో ఫ్లాట్ అమ్మకానికి పెట్టాడని బ్రోకర్ ద్వారా తెలిసింది, పేరు ఇక్కడ రాయను. ఏ ఫ్లాట్ అయినా సరే, పని మొదలుపెట్టకముందు తీసిన ఫోటోలు చూపించమని అడగండి. నిజంగా బాగుచేసినవాడు అడక్కముందే చూపిస్తాడు, వాడికి అదే పబ్లిసిటీ. నేను మాత్రం ఆలస్యంగా, పోయిన సోమవారం వాట్సాప్‌లో అడిగాను. రెండు టిక్కులూ నీలం అయ్యాయి. జవాబు లేదు.