గో ఇంటర్‌ఫేసా, రస్ట్ ట్రెయిటా: ఏది మేలు?

"ఈ మెథడ్‌లున్న టైప్ ఏదైనా పర్లేదు" అని చెప్పడానికే గో అనే ప్రోగ్రామింగ్ భాషలో ఇంటర్‌ఫేస్, రస్ట్ అనే భాషలో ట్రెయిట్ ఉన్నాయి. ఆ ఒప్పందాన్ని ఎవరు, ఎక్కడ రాయాలన్న దగ్గరే దారులు వేరవుతాయి.

ఫలానా టైప్ ఫలానా ఇంటర్‌ఫేస్‌కి సరిపోతుందని గోలో ఎవరూ రాయనక్కర్లేదు. స్టోర్ ఇంటర్‌ఫేస్‌లో సేవ్ అనే మెథడ్ ఉందనుకోండి. ఫైల్‌స్టోర్‌కి అదే పేరుతో, అవే పారామీటర్లతో, అదే రిటర్న్ టైప్‌తో సేవ్ ఉంటే చాలు, కంపైలర్ ఒప్పుకుంటుంది. వేరేవాళ్ల లైబ్రరీలోని టైప్‌కైనా మీ ప్యాకేజీలోనే ఇంటర్‌ఫేస్ రాసుకోవచ్చు. టెస్టులో డేటాబేస్ స్థానంలో డమ్మీ పెట్టడానికి ఇది ఎంతో హాయి. ఇంటర్‌ఫేస్‌ని వాడేచోటే రాయండి, ఒకటి రెండు మెథడ్‌లకు మించనివ్వకండి.

సేవ్‌ని పాయింటర్ రిసీవర్‌తో (అంటే వాల్యూ కాపీ మీద కాక దాని చిరునామా ద్వారా పనిచేసేలా) రాసి, వాల్యూని పంపితే కంపైల్ కాదు. ముందు & పెడితే సరిపోతుంది. అది కంపైలరే పట్టిస్తుంది కాబట్టి భయం లేదు. కొంప ముంచేది నిల్, అంటే "ఏమీ లేదు" అనే ఖాళీ విలువ. 64 బిట్ మెషిన్‌లో ఇంటర్‌ఫేస్ వాల్యూ 16 బైట్లు: సగం టైప్ సమాచారానికి, సగం డేటాకి. ఫంక్షన్ ఎర్రర్ ఇంటర్‌ఫేస్‌ని రిటర్న్ చేస్తూ, లోపల మాత్రం మీ సొంత ఎర్రర్ టైప్ పాయింటర్‌ని, అది నిల్‌గా ఉండగానే, రిటర్న్ చేసిందనుకోండి. డేటా సగం ఖాళీ, టైప్ సగం నిండి ఉంటుంది. "ఎర్రర్ నిల్ అవునా?" అన్న పరీక్షకు "కాదు" అనే జవాబొస్తుంది, అంతా సవ్యంగా జరిగినా ఫెయిలైనట్టే కనబడుతుంది. తప్పు లేనప్పుడు నేరుగా నిల్ అనే రాసి రిటర్న్ చేయాలి.

మామూలు రస్ట్ కోడ్‌లో నిల్ లాంటి నల్ లేదు, ఈ బెడదా లేదు. ఫలానా టైప్‌కి ఫలానా ట్రెయిట్ అని ఇంప్ల్ బ్లాక్‌లో రాసి తీరాలి. పేరు కలిసినంత మాత్రాన ఏదీ అతుక్కోదు. ట్రెయిట్‌కి డిఫాల్ట్ బాడీతో (అంటే ట్రెయిట్‌లోనే రాసిన కోడ్‌తో) కొత్త మెథడ్ చేర్చితే పాత ఇంప్ల్‌లు సాధారణంగా అలాగే కంపైలవుతాయి. గోలో అయితే ఇంటర్‌ఫేస్‌కి మెథడ్ చేర్చగానే ఆ మెథడ్ లేని పాత టైప్‌లన్నీ దానికి సరిపోకుండా పోతాయి. ట్రెయిట్, టైప్ రెండూ బయటివైతే మాత్రం కంపైలర్ ఒప్పుకోదు, ఈ0117 అనే ఎర్రర్ ఇస్తుంది. టైప్‌ని మీ సొంత స్ట్రక్ట్‌లో చుట్టుకోవాలి, కావలసిన మెథడ్‌లన్నీ మళ్లీ అందించాలి. విసుగు పుట్టించే పనే.

బయటి లైబ్రరీలను అతికించే సర్వీస్ కోడ్‌కి గోనే నా ఓటు. పదిమంది ఇంప్లిమెంట్ చేయాల్సిన లైబ్రరీ మీరే రాస్తుంటే, నిస్సందేహంగా రస్ట్.