టెక్సస్ పోకర్ గదులు: గంట అద్దె కట్టి ఆడితే ఏం గిడుతుంది?

డాలస్, ఆస్టిన్, హ్యూస్టన్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ళలో పోకర్ సరదా ఉన్నవాళ్ళకు కార్డ్ రూమ్‌లు కొత్తేమీ కాదు. గది ఎంత బాగుంది, కుర్చీలు ఎలా ఉన్నాయి అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. ఉద్యోగం, పిల్లలు చూసుకుంటూ రెండు వారాలకోసారి నాలుగు గంటలు ఆడగలిగే మనిషికి ఈ సేవ పెట్టిన డబ్బుకు, టైముకు తగిందేనా? ఎంత ఆశ పెట్టుకుని వెళ్ళాలి? అది చూద్దాం.

ముందు వసూలు పద్ధతి. లాస్ వెగాస్‌లో ప్రతి పాట్ (అందరూ పెట్టిన పందెం మొత్తం) నుంచి కొంత శాతం గది వాటాగా, అంటే రేక్ కింద, తీసుకుంటారు. టెక్సస్‌లో అలా కుదరదు. రాష్ట్ర శిక్షాస్మృతి 47వ అధ్యాయం ప్రకారం ఆట ప్రైవేటు చోట జరగాలి, ఆటగాళ్ళు గెలుచుకున్నది తప్ప ఇంకెవరూ ఆటలోంచి లాభం తీసుకోకూడదు. అందుకే గదులు సభ్యత్వం అమ్మి, సీటుకు గంట లెక్కన అద్దె తీసుకుంటాయి. అద్దె గదిని బట్టి సుమారు 10 నుంచి 15 డాలర్లు. ఈ ఏర్పాటు మీద వివాదం తీరలేదు. 2021 చివర్లో డాలస్ నగరం టెక్సస్ కార్డ్ హౌస్ అనే పోకర్ గదికి ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకోబోతే అది కోర్టుకెక్కింది. మనకు దీనివల్ల తేలే సంగతి ఒకటే: ఆట అయ్యాక చిప్స్ గానీ, ఖాతాలో డబ్బు గానీ అక్కడ ఉంచి రాకూడదు. ప్రతిసారీ లెక్క తేల్చుకుని నగదు తీసుకునే బయటికి రావాలి.

గంట అద్దె ఆటగాడి లెక్కను పూర్తిగా మార్చేస్తుంది. రేక్ ఉన్నచోట పాట్ గెలిచినవాడే కడతాడు, ముక్కలు పారేసి కూర్చున్నవాడు గదికి కట్టేదేమీ లేదు. ఇక్కడ పారేసినా అద్దె నడుస్తూనే ఉంటుంది. 1/3 బ్లైండ్‌ల టేబుల్ అంటే ముక్కలు చూడకముందే ఇద్దరు వంతులవారీగా 1, 3 డాలర్లు తప్పనిసరిగా పెట్టాలి; అందులో 3 బిగ్ బ్లైండ్. ఆ టేబుల్ మీద తొమ్మిది మంది ఉంటే గంటకు దాదాపు 30 చేతులు (ఒకసారి ముక్కలు పంచి ఆడితే ఒక చేయి) పడతాయి, అంటే బ్లైండ్‌లు మూడుసార్లకు పైగా తిరిగి వస్తాయి. చుట్టుకు 4 డాలర్ల చొప్పున అదే గంటకు 13. అద్దె 12 అనుకుంటే, ఒక్క చేతీ ఆడకుండా కూర్చున్నా గంటకు 25 డాలర్లు పోతాయి. కనక గంటలో ఎన్ని చేతులు పడుతున్నాయన్నది నేరుగా డబ్బుకు సంబంధించిన విషయం. డీలర్ నెమ్మదిగా పంచినా, ప్రతి నిర్ణయానికీ నిమిషం ఆలోచించేవాళ్ళు ఇద్దరున్నా, 30 కాస్తా 20 అవుతాయి, అద్దె మాత్రం తగ్గదు. ఐదుగురే మిగిలితే అద్దె తగ్గిస్తారేమో డెస్క్ దగ్గర అడగండి. భోజనానికి లేచినప్పుడు అద్దె ఆపుతారో లేదో కూడా ముందే కనుక్కోండి.

ఇక అసలు లెక్క. అద్దె గంటకు 12, గెలిచిన పాట్‌కు ఒకటి చొప్పున డీలర్‌కు టిప్ దాదాపు 3. మొత్తం 15 డాలర్లు, అంటే ఐదు బిగ్ బ్లైండ్‌లు. టేబుల్ మీద మిగతావాళ్ళతో సరిసమానంగా ఆడి, పెట్టిన బ్లైండ్‌లను గెలిచిన పాట్‌లలో తిరిగి రాబట్టుకునే మనిషికి నాలుగు గంటల సాయంత్రం ఖరీదు 60 డాలర్లు. ఏడాదికి 26 సార్లు వెళితే 104 గంటలు, ఖర్చు 1,560 డాలర్లు. సరదా ఆటగాడు మొదటి ఏడాదికి పెట్టుకోదగ్గ నిజాయితీ అయిన అంచనా ఇదే. ఆ డబ్బుకు మంచి కాలక్షేపం దొరికిందనిపిస్తే గది గిట్టుబాటే. నెల జీతానికి తోడు ఇంకో రాబడి వస్తుందనుకుని వెళితే మాత్రం గిట్టదు.

బాగా చదువుకుని ఆడేవాళ్ళ మాటేమిటి? ఖర్చులన్నీ పోను గంటకు 15 డాలర్లు మిగుల్చుకునే గట్టి ఆటగాణ్ణి తీసుకుందాం. గదిలో కూర్చుని ఆడే నో లిమిట్ హోల్డెమ్‌లో (పందెంలో పరిమితి లేని పోకర్ రకం) ఒడిదుడుకులు 100 చేతులకు 90 బిగ్ బ్లైండ్‌ల ప్రామాణిక విచలనం (ఫలితం సగటుకు అటూ ఇటూ ఎంత ఊగుతుందో చెప్పే కొలత) అనుకుంటే, అది 1/3లో గంటకు దాదాపు 150 డాలర్లు, 100 గంటలకు 1,500. ఆయన ఏడాది లాభం అంచనా కూడా 1,500 చిల్లరే. అంటే అంత బాగా ఆడేవాళ్ళు ఆరుగురుంటే ఏడాది చివర ఒకరు నష్టంలో ఉంటారు. దీనికి రెండో వైపు ఇంకా ప్రమాదం. గంటకు 10 డాలర్లు పోగొట్టుకునే తీరులో ఆడేవాళ్ళు నలుగురుంటే ఒకరు ఏడాది చివర లాభంలో కనబడతారు. ఆ ఒక్కరే 'నాకు ఆట వచ్చేసింది' అని 5/10 టేబుల్‌కు మారతారు. 100 గంటల ఫలితం ఇద్దరికీ ఏ తీర్పూ చెప్పదు. అందుకే డబ్బు లెక్కతో పాటు నిర్ణయాల లెక్క కూడా రాసుకోవాలి.

రాసుకోవడం తేలికే. ఫోన్‌లో తేదీ, గంటలు, ఎంతతో కూర్చున్నది, ఎంతతో లేచింది, అద్దె, టిప్ రాస్తే చాలు. వాటితో పాటు సందేహం వచ్చిన మూడు చేతులు, ఎవరి ముందు ఎన్ని చిప్స్ ఉన్నాయో సహా. వారంలో ఒక గంట వాటికి కేటాయించండి. ఏ చేతికి గెలిచే అవకాశం ఎంతో చెప్పే ఈక్విల్యాబ్ లాంటి ఉచిత లెక్కింపు ప్రోగ్రాం దీనికి సరిపోతుంది. నెలనెలా డబ్బు కట్టే సాల్వర్ (సరైన ఎత్తును కంప్యూటర్‌తో లెక్కగట్టే) సేవలు ఈ స్థాయికి తొందరపాటే అని నా అభిప్రాయం. వాటి సిద్ధ జవాబుల్లో ఎక్కువ భాగం ఇద్దరు తలపడే పాట్‌లకు సంబంధించినవి. 1/3 టేబుల్ మీద ఐదుగురు కలిసి ఫ్లాప్ (అందరికీ కలిపి తెరిచే మొదటి మూడు ముక్కలు) చూస్తారు.

ఉదాహరణకు: నలుగురు పందెం పెంచకుండా 3 డాలర్లే పెట్టి వచ్చారు (లింప్ చేశారు), బటన్‌కు (చివర వంతు వచ్చే సీటు) ముందు సీట్లో మీకు ఆసు, రాణి వచ్చాయి. పందెం 12కి పెంచితే (రెయిజ్ చేస్తే) నలుగురూ వస్తారు, మీ చేతి బలం చెదిరిపోతుంది. ఐదు బిగ్ బ్లైండ్‌లకు తోడు ఒక్కో లింపర్‌కు ఒకటి కలిపి 27 దాకా పెట్టండి. ఇద్దరు వస్తే పాట్ 90 దాటుతుంది. ఫ్లాప్ రాణి, ఎనిమిది, ఐదు. మీరు 45 బెట్ చేశారు, ఒకరు అంతే పెట్టి కాల్ చేశారు. టర్న్‌లో, అంటే నాలుగో ముక్కగా, రెండు పడింది, మీరు 100 బెట్ చేస్తే, సాయంత్రమంతా కాల్ చేయడం తప్ప మరేమీ చేయని ఆ పెద్దమనిషి ఉన్న చిప్స్ అన్నీ తోసేశారు. అలాంటి ఆటగాడు టర్న్‌లో రెయిజ్ చేస్తే రెండు జతలు గానీ, మూడు ఎనిమిదులు గానీ ఉన్నట్టే. రాణుల జత పారేయడమే సరి. సరదా ఆటగాళ్ళ డబ్బు ఎక్కువగా కారిపోయేది ఈ ఒక్క చోటే.

టెక్సస్ టేబుల్స్‌లో ఇంకో చిక్కు స్ట్రాడిల్, అంటే ముక్కలు చూడకముందే బ్లైండ్‌ల పైన ఇంకొకరు పెట్టే పెద్ద పందెం. 300తో 1/3లో కూర్చుంటే అవి 100 బిగ్ బ్లైండ్‌లు. అందరూ ఒప్పుకుని ప్రతి చేతికీ 10 డాలర్ల స్ట్రాడిల్ పెడితే అవే 300 డాలర్లు 30 బ్లైండ్‌లు అవుతాయి. బోర్డు మీద 1/3 అనే ఉంటుంది, నడిచేది మాత్రం 5/10 ఆట. బయల్దేరేముందు పోకర్ అట్లాస్ యాప్‌లో ఏ టేబుల్స్ నడుస్తున్నాయో, వెయిటింగ్ ఎంతుందో చూసుకోవచ్చు గానీ స్ట్రాడిల్ సంగతి అందులో తెలియదు. గది లోపల పది నిమిషాలు నిలబడి చూశాకే సీటు తీసుకోండి.

డబ్బు విషయంలో ఏడాదికి పది బై-ఇన్‌లు (ఒకసారి కూర్చునేటప్పుడు తెచ్చే 300 ఒక బై-ఇన్), అంటే 3,000 డాలర్లు, విడిగా పెట్టుకోండి. ఒక సాయంత్రానికి రెండు బై-ఇన్‌లకు మించి తీయొద్దు. ఆ 3,000 అయిపోతే ఆ ఏడాదికి ఆట ఆపేయాలి. క్రెడిట్ కార్డు, ఇంటికి పంపాల్సిన డబ్బు ముట్టుకోకూడదు. మరో సంగతి, అమెరికాలో గెలుపు మీద పన్ను ఉంది. 2025లో వచ్చిన చట్టం ప్రకారం 2026 నుంచి నష్టంలో 90 శాతమే మినహాయించుకోవచ్చు, అదీ ఖర్చులు విడివిడిగా చూపించేవాళ్ళకే. అంటే 20,000 గెలిచి 20,000 పోగొట్టుకున్నవాళ్ళకు కూడా 2,000 మీద పన్ను పడుతుంది. పైన చెప్పిన ఫోన్ లెక్క అప్పుడు కూడా పనికొస్తుంది.

హైదరాబాద్ నుంచి ఉద్యోగానికి వచ్చినవాళ్ళకు ఒక మాట. ఫోన్‌లో ఒకేసారి నాలుగు టేబుల్స్ ఆడిన చేతికి గంటకు 30 చేతులు విసుగు పుట్టిస్తాయి. ఆ విసుగులోనే రాజు, తొమ్మిది లాంటి బలహీనమైన ముక్కలు ముందుగా వంతు వచ్చే సీట్ల నుంచి ఆడేస్తారు. నాలుగు గంటలు ఓపిగ్గా పారేయలేని రోజున వెళ్ళకపోవడమే మేలు.

టైము బొత్తిగా లేనివాళ్ళకు రోజువారీ టోర్నమెంట్‌లు నయం. పోయేది ఎంతో ముందే తెలుస్తుంది. కాకపోతే వచ్చినవాళ్ళలో సాధారణంగా 12 నుంచి 15 శాతానికే డబ్బు అందుతుంది. ఏడాదికి 20 ఆడితే మూడింట్లో డబ్బు చేతికి రావడం మామూలు. బ్లైండ్‌లు ఎన్ని నిమిషాలకోసారి పెరుగుతాయో చెప్పే బ్లైండ్ లెవెల్స్ కాగితం కౌంటర్ దగ్గర అడిగి తీసుకోండి. లెవెల్‌కు 15 నిమిషాలే ఉంటే రెండు గంటలకే అందరి ముందూ 20 బ్లైండ్‌లు మిగిలి, ఉన్నదంతా తోసేయడమే ఆట అవుతుంది. 20 నిమిషాలైతే ఫర్వాలేదు, 30 ఉంటే సీటు తీసుకోండి.