పడవలో బ్యాటరీ కింద వేసే ‘మెరైన్ షీట్’తో జాగ్రత్త: కర్నూలులో కొని మేం పడిన ఇబ్బంది

కర్నూలు చుట్టుపక్కల చిన్న ఫైబర్ పడవలకు ఎలక్ట్రిక్ మోటర్, ఫిష్ ఫైండర్ (నీళ్లలో చేపలు ఎక్కడున్నాయో చూపే పరికరం) పెట్టించుకుంటున్న వాళ్లు ఇది చదవండి. మేం బ్యాటరీ మంచిదే కొన్నాం, మోటర్ కూడా మంచిదే. వాటి కింద వేసిన పలక దగ్గర దెబ్బతిన్నాం. మృగశిర కార్తెకు ముందు రోజు సాయంత్రం సుంకేసుల దగ్గర తుంగభద్రలో ఆ పలక ఊడి, బ్యాటరీ పక్కకు పడి, నిప్పులు చిమ్మింది. పడవలో ముగ్గురం ఉన్నాం. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ పది నిమిషాలు ఇప్పటికీ నిద్రలో గుర్తొస్తున్నాయి.

రాయలసీమలో పడవలేంటని అడిగేవాళ్లు ఉంటారు. కె.సి. (కర్నూలు–కడప) కాలువను తవ్వినప్పుడు సాగునీటితో పాటు పడవలు నడపాలన్న ఉద్దేశం కూడా ఉండేది. ఇప్పుడు కాలువలో పడవలు లేకపోయినా సుంకేసుల బ్యారేజీ వెనుక నీళ్లలో, గాజులదిన్నె జలాశయంలో చేపలు పట్టి బతికే కుటుంబాలు చాలా ఉన్నాయి. మా చిన్నమామది అలాంటి ఇల్లే. ఒకప్పుడు పుట్టి (గుండ్రటి బుట్ట పడవ) ఉండేది, తర్వాత 14 అడుగుల ఫైబర్ పడవ. మోకాళ్ల నొప్పులతో తెడ్డు వేయలేక రెండేళ్ల కింద చిన్న ఎలక్ట్రిక్ మోటర్ పెట్టించుకున్నాడు. మొదట ఇన్వర్టర్‌కు వాడే ట్యూబులర్ బ్యాటరీతోనే నడిపాం. దాని బరువు 58 కిలోలు. ఒడ్డు నుంచి పడవలోకి ఇద్దరం మోయాల్సిందే, పెట్టాక పడవ వెనక భాగం నీళ్లలోకి దిగిపోయేది. అందుకే ఈ ఏడాది మార్చిలో 12 వోల్టుల, 100 ఆంపియర్ అవర్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ కొన్నాం. 12 కిలోలే. మామ ఒక్కడే చేత్తో పట్టుకుని దిగిపోతాడు.

బరువు తగ్గిందన్న సంతోషంలో మిగతావన్నీ కూడా తేలికగానే ఉండాలనిపించింది. పాత చెక్క పలక తీసేసి కొత్త పలక వేద్దామని కర్నూలులో ప్లైవుడ్, మాడ్యులర్ కిచెన్ సామాను అమ్మే ఒక షాపుకు వెళ్లాను. పడవలో బ్యాటరీ కిందికి, ముందు ఫిష్ ఫైండర్ బిగించడానికి కావాలని స్పష్టంగా చెప్పాను. ఆయన తెల్లటి షీట్ ఒకటి తీసి, ‘ఇది మెరైన్ షీట్ అన్నా, నీళ్లలో నానదు, చెద పట్టదు, యాడికీ పోదు’ అన్నాడు. అక్కడే బకెట్లో ఒక ముక్క వేసి తేలుతుందని చూపించాడు. చేతిలో పట్టుకుంటే దూదిలా ఉంది. 18 మిల్లీమీటర్ల మందంలో అడుగున్నర వెడల్పు, రెండడుగుల పొడవు పలక ఒకటి, ముందు భాగానికి చిన్న ముక్క ఒకటి కోసిచ్చి, 2,400 రూపాయలు తీసుకున్నాడు.

నీళ్ల గురించి, చెద గురించి ఆయన చెప్పినవి నిజాలే. అది నీళ్లలో నానదు, చెద పట్టదు, తేలుతుంది. నేను అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. ఎండలో, ఊపులో, బరువు మోస్తూ స్క్రూను పట్టి ఉంచుతుందా అని అడగలేదు. ఆయనా చెప్పలేదు.

పడవ అడుగున ఉన్న చెక్క పట్టీలకు ఆ పలకను సెల్ఫ్ ట్యాపింగ్ స్క్రూలతో బిగించాం. బ్యాటరీని బెల్టుతో పలకకు కట్టాం. పైన మూత ఉన్న పెట్టె. మార్చిలో అంతా బాగుంది. ఏప్రిల్ చివర మామ ఒకసారి అన్నాడు, ‘అల్లుడా, పలక నడిమికి దిగినట్టుందే’ అని. నేను చూసి, ఎండకు కొంచెం వంగింది, ఏం కాదులే మామా అన్నాను. అప్పుడే తీసి చూసి ఉంటే ఈ పోస్టు రాసే పని ఉండేది కాదు. ముందు ఫిష్ ఫైండర్ బ్రాకెట్ కూడా మూడుసార్లు వదులైంది. స్క్రూ తిప్పుతుంటే ఎంత తిప్పినా బిగియదు, ఊరికే తిరుగుతూనే ఉంటుంది. కాస్త లావు స్క్రూ వేసి సరిపెట్టాను.

రోహిణి కార్తె ఎండలకు రోళ్లు పగులుతాయంటారు కదా. తర్వాత నేను థర్మామీటర్ పెట్టి చూస్తే బయట 42 డిగ్రీలున్న మధ్యాహ్నం ఆ మూత పెట్టెలో 58 చూపించింది. ఆ షీట్ పీవీసీ అనే ప్లాస్టిక్‌దని తర్వాత తెలిసింది. పీవీసీ 70, 80 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. అంతకు చాలా ముందే, నెత్తిన బరువుంటే రోజూ కొంచెం కొంచెం వంగుతూ పోతుంది. వంగినది చల్లబడ్డాక మళ్లీ పూర్తిగా లేవదు. మా పలకకు రెండు నెలల పాటు జరిగింది ఇదే.

మృగశిర రోజు చేపలు తినాలని అందరూ అడుగుతారు కాబట్టి ముందు రోజు సాయంత్రం మామ, పదహారేళ్ల మా బావమరిది, నేను వల తీయడానికి వెళ్లాం. నీళ్లు బాగా తగ్గి బండలు బయటపడి ఉన్నాయి. ఐదున్నరకు ఒక్కసారిగా గాలి లేచింది. మామ పడవను గాలికి ఎదురు తిప్పాడు. రెండు మూడు అలలకు ముందు భాగం ఎత్తి కొట్టింది. పెట్టెలో ఏదో పగిలిన చప్పుడు. స్క్రూల తలలు పలకను చీల్చుకుని ఇవతలికి వచ్చేశాయి. బెల్టు తెగలేదు, బకిల్ ఊడలేదు. పలక, బెల్టు, బ్యాటరీ అన్నీ కలిసి ఒక పక్కకు జారి పెట్టెను తోసేశాయి. బ్యాటరీ పక్కకు వాలి, పైనున్న రెండు టెర్మినళ్లూ సీటు కింద ఉన్న అల్యూమినియం యాంగిల్‌కు తగిలాయి. వెల్డింగ్ చేసినప్పుడు వచ్చేలాంటి వెలుగు, చప్పుడు. బ్యాటరీ లోపల దాన్ని కాపాడటానికి ఉండే సర్క్యూట్ (బీఎంఎస్) వెంటనే కరెంటు ఆపేసింది కాబట్టి అంతటితో ఆగింది. మోటర్ కూడా ఆగిపోయింది. గాలి పడవను బండల వైపు నెడుతోంది. లైఫ్ జాకెట్లు రెండే ఉన్నాయి. ఒకటి పిల్లాడికి వేశాం, ఇంకొకటి మామ వేసుకోనన్నాడు. ఒక్క తెడ్డుతో, ఆ మోకాళ్లతోనే ఆయన పడవను మళ్లించాడు.

మరుసటి రోజు పలకను ఇంటికి తెచ్చి తూచాను. 2.7 కిలోలు. పొడవు, వెడల్పు, మందం లెక్కేస్తే ఐదు లీటర్ల పరిమాణం. అంటే లీటరుకు అర కిలో పైచిలుకు. కోసిన అంచును దగ్గరగా చూస్తే బ్రెడ్డు ముక్కలో ఉన్నట్టు సన్నటి గాలి బుడగలు. గోరుతో గట్టిగా నొక్కితే గుంట పడుతుంది. అది పీవీసీ ఫోమ్ బోర్డు. వంటింటి కప్‌బోర్డులకు, బాత్రూమ్ తలుపులకు వాడే సరుకు. అక్కడ అది మంచిదే, మా ఇంట్లోనూ ఉంది. కదిలే పడవలో 12 కిలోల బ్యాటరీని పట్టుకోవడం దాని పని కాదు.

పడవలకు నిజంగా వాడే ప్లాస్టిక్ పలక హెచ్‌డీపీఈ. బోరు మోటర్లకు వేసే నల్ల పైపు ఏ జాతిదో ఇదీ అదే. దీని బరువు లీటరుకు 950 గ్రాములు, ఇదీ నీళ్లలో తేలుతుంది. కాబట్టి బకెట్లో వేసి చూపిస్తే నమ్మకండి, రెండూ తేలుతాయి. తూచి చూడండి. ఒక చదరపు అడుగు, 12 మిల్లీమీటర్ల మందం ముక్క కిలో పైన తూగితే హెచ్‌డీపీఈ కావచ్చు, 600 గ్రాముల దగ్గర తూగితే ఫోమ్. అసలు హెచ్‌డీపీఈ అంచు గాలి బుడగలు లేకుండా గట్టిగా ఉంటుంది, ముట్టుకుంటే మైనంలా జారుతుంది.

ఇప్పుడు మేం వేసింది అదే, 12 మిల్లీమీటర్లది. బరువు 3.2 కిలోలు. పాత ఫోమ్ పలక కన్నా ఎక్కువైంది అర కిలో మాత్రమే. బ్యాటరీ మార్చడంతోనే 46 కిలోలు తగ్గించుకున్న మేం ఆ అర కిలో కోసం ప్రాణం మీదికి తెచ్చుకున్నాం. ఈ లెక్క ముందే వేసుకోనందుకు నాకు చాలా బాధగా ఉంది.

హెచ్‌డీపీఈకి కూడా కొన్ని గుణాలున్నాయి, తెలియకుండా వాడకండి. ఆరాల్డైట్, ఎం-సీల్, సిలికాన్ ఏదీ దానికి గట్టిగా అంటుకోదు, నట్టు బోల్టే దిక్కు. ఎండకు బాగా సాగుతుంది: రెండడుగుల ముక్క 30 డిగ్రీల తేడాకు రెండు మూడు మిల్లీమీటర్లు పెరుగుతుంది. అందుకే రంధ్రాలు బోల్టు కన్నా కొంచెం పెద్దవిగా వేసి వెడల్పాటి వాషర్ పెట్టాలి, లేకపోతే పలక మధ్యలో ఉబ్బుతుంది. కొంచెం వంగే గుణం కూడా ఉంది కాబట్టి కింద రెండు వైపులా, నడిమిన కూడా ఆనిక ఉండాలి. ఎండ తగిలే చోటుకు నల్లది తీసుకోండి. ఎండను తట్టుకునే మందు కలపని తెల్లది కొన్నేళ్లకు పెళుసుబారుతుంది.

డబ్బు తక్కువలో కావాలంటే మెరైన్ ప్లై. నా అభిప్రాయంలో మన చిన్న పడవలకు అన్నిటికన్నా న్యాయమైన సరుకు ఇదే. కానీ ‘మెరైన్’ అనే మాట విని కొనకండి, నేను మోసపోయింది ఆ మాటకే. షీటు మీద ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 710 అనే నంబరు, సీఎం/ఎల్‌తో మొదలయ్యే లైసెన్సు నంబరు ముద్రించి ఉండాలి. ఆ లైసెన్సు నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడొచ్చు. ఐఎస్ 710 ప్లై 72 గంటలు నీళ్లలో మరిగించినా పొరలు విడిపోకూడదు. ఐఎస్ 303 అని ఉంటే అది మామూలు వాడకానికి. మంచి ప్లై తెచ్చినా కోసిన అంచులకు, స్క్రూ రంధ్రాల లోపలికి కూడా ఎపాక్సీ రెసిన్ పూయాలి. నీళ్లు దూరేది అక్కడి నుంచే.

ముందు ఫిష్ ఫైండర్ బిగించడానికి 6 మిల్లీమీటర్ల గ్లాస్ ఎపాక్సీ షీట్ వేశాం. జి10 అని, ఎఫ్ఆర్4 అని అంటారు. కరెంటు ప్యానెల్ బోర్డులు తయారు చేసేవాళ్ల దగ్గర ముక్కలు దొరుకుతాయి. లీటరు లెక్కన హెచ్‌డీపీఈకి రెండింతలు బరువు, కానీ సగం మందమే సరిపోతుంది, కరెంటు పారదు, ఎండకు వంగదు. కోసేటప్పుడు మాస్కు, చేతికి గ్లౌజులు తప్పనిసరి, ఆ పొడి ఒంటికి తగిలితే దురద, ఊపిరితిత్తులకు చేటు. అల్యూమినియం తేలికే, గట్టిదే. కానీ బ్యాటరీ టెర్మినళ్లకు దగ్గరలో వద్దు, మాకు ఏమైందో చదివారు కదా. కార్బన్ ఫైబర్‌లో కూడా కరెంటు పారుతుంది, దానికీ ఇదే జాగ్రత్త.

పలక ఎంత మంచిదైనా స్క్రూతో బిగిస్తే లాభం లేదు. ఇటు నుంచి అటు దూరే ఆర్‌పార్ బోల్టు, రెండు వైపులా పెద్ద వాషర్లు, వదులు కాని నైలాక్ నట్టు. పడవ అడుగుకు మాత్రం రంధ్రం వేయొద్దు. మేం ఫైబర్ పని చేసే ఆయన్ని పిలిచి అడుగున రెండు చెక్క దిమ్మెలను మ్యాట్, రెసిన్‌తో అతికించి, బోల్టులు వాటికి వేయించాం. బ్యాటరీ బెల్టు కూడా ఇప్పుడు పలకకు కాకుండా ఆ దిమ్మెలకు ఉన్న రింగుల్లోంచి వస్తుంది.

బిగింపు సరిపోయిందో లేదో చూడటానికి ఒక పరీక్ష ఉంది. అమెరికా కోస్ట్ గార్డ్ నిబంధన ప్రకారం బ్యాటరీని దాని బరువుకు రెండింతల బలంతో, లేదా 90 పౌండ్ల బలంతో (సుమారు 41 కిలోలు), ఏది తక్కువైతే దానితో పైకి, ముందుకు, వెనక్కు, రెండు పక్కలకు ఒక్కో నిమిషం లాగినా అంగుళానికి మించి కదలకూడదు. మా 12 కిలోల బ్యాటరీకి 24 కిలోలు చాలు. మామ చేపలు తూచే కొక్కెం కాటా తెచ్చి బెల్టుకు తగిలించి, 24 చూపించేదాకా లాగి, ఫోన్లో నిమిషం పెట్టుకుని అన్ని వైపులా చూశాం. కదల్లేదు. ఈ కాటా ప్రతి చేపల వాళ్ల ఇంట్లో ఉంటుంది, మార్చిలోనే చేసి ఉంటే ఆ ఫోమ్ బోర్డు ఒడ్డు మీదే ఊడిపోయేదేమో.

రెండు టెర్మినళ్లకూ రబ్బరు టోపీలు వేయండి, వాటి ధర టీ ఖర్చంత కూడా ఉండదు. ఫ్యూజును పడవ ముందున్న ప్యానెల్ దగ్గర కాకుండా బ్యాటరీ పక్కనే పెట్టండి. అమెరికాలో పడవల వైరింగ్ ప్రమాణం పాజిటివ్ టెర్మినల్ నుంచి 7 అంగుళాల లోపు అంటుంది. దూరంగా ఉంటే మధ్యలో వైరు తెగి ఎక్కడైనా తగిలినప్పుడు ఫ్యూజు దాన్ని కాపాడలేదు. ఇంకోటి, లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలను మామూలుగా 45 డిగ్రీలు దాటితే చార్జ్ చేయొద్దంటారు. మధ్యాహ్నం ఆ పెట్టెలో ఉంచి చార్జ్ పెట్టకండి. మేం ఇప్పుడు ఇంటికి తెచ్చి, చల్లబడ్డాక రాత్రి పెడుతున్నాం. పెట్టె మూతకు గాలి రంధ్రాలు కూడా వేశాం.

షాపు సంగతి. ఊడిన పలక తీసుకెళ్లి చూపిస్తే, ‘పడవకని మీరు చెప్పలేదు’ అన్నాడు. చెప్పానని నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. కానీ బిల్లు తీసి చూస్తే ‘షీట్, 2 ముక్కలు’ అని తప్ప ఏమీ లేదు. డబ్బు వెనక్కి రాలేదు. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు చేసి చెప్పుకుందామన్నా చూపించడానికి ఆధారం లేదు. అందుకే మీరు కొనేటప్పుడు సరుకు పేరు, మందం, దేనికి వాడతారో బిల్లు మీద రాయించుకోండి. ‘పడవలో బ్యాటరీ కింద వాడకానికి’ అని రాయమంటే, ఆ సరుకు మీద నమ్మకం లేనివాడు అక్కడే వెనక్కి తగ్గుతాడు. మొన్న హెచ్‌డీపీఈ ఇచ్చిన ఆయన ఆ మాట అడగగానే రాసి, సంతకం పెట్టి ఇచ్చాడు.

ఈ ఎండాకాలంలో కర్నూలులో కానీ, నంద్యాలలో కానీ ‘మెరైన్ షీట్’ పేరుతో తెల్లటి తేలిక పలక కొని పడవలో వేసినవాళ్లు రేపు పొద్దున నీళ్లలోకి దిగేముందు బ్యాటరీ పక్కకు తీసి, పలక అంచును గోరుతో నొక్కి చూడండి. గుంట పడినా, నడిమిన కిందికి వంగి ఉన్నా ఆ రోజుకు తెడ్డుతోనే వెళ్లండి.