మూడు పొరల ధాన్యం సంచి: ఎండిన గింజలకే కొనండి

ఏడాదికి సరిపడా జొన్నలు, సజ్జలు, కందులు ఒకేసారి తెచ్చిపెట్టుకునే ఇళ్లకు ఈ సంచి కొనదగ్గదే. మామూలు గోతం కంటే ఖరీదెక్కువ. పురుగును ఇది బాగా అడ్డుకుంటుంది, కానీ గింజలో అప్పటికే ఉన్న తేమను తీయలేదు. పచ్చి గింజలు పోసి మూతి కట్టేసిన వాళ్లే తర్వాత సంచి మంచిది కాదంటారు.

పైన అల్లిక సంచి, లోపల 80 మైక్రాన్ల మందం ప్లాస్టిక్ సంచులు రెండు. 1980ల్లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం వాళ్లు ఆఫ్రికాలోని కామెరూన్‌లో అలసందల కోసం ఈ పద్ధతి మొదలుపెట్టారు. మూతి బిగిస్తే లోపలి ఆక్సిజన్‌ను పురుగులే వాడేసుకుంటాయి. ఎండు గింజలో పురుగుకు తాగడానికి నీళ్లుండవు. తిన్నదాన్నుంచి ఆక్సిజన్ సాయంతో ఒంట్లోనే తయారుచేసుకోవాలి. ఆక్సిజన్ తగ్గేసరికి తిండి మానేసి, దప్పికతో చస్తుంది. జొన్న పాతరలో జరిగేదీ ఇలాంటిదే. పాతర తెరవగానే లోపలికి దిగొద్దని పెద్దలు హెచ్చరించేది అందులో ఊపిరాడదనే.

ఒంగోలు, నెల్లూరు వైపు దీని అవసరం మరీ ఎక్కువ. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఎండాకాలంలో ఎంత ఎండబెట్టినా, గోతంలోని జొన్న ఆ ముసురుకి చెమ్మ పీల్చుకుంటుంది, ముక్కు పురుగు పెరుగుతుంది. ఈ సంచిలోకి బయటి చెమ్మ రాదు.

కనిగిరి, పొదిలి, దర్శి వైపు కళ్లంలోనే కొనేటట్టయితే ఒక గింజ కొరికి చూడండి. కటుక్కుమని విరగాలి, పంటి కింద సాగకూడదు. ఇంకాస్త గట్టి పరీక్ష ఉప్పుతో. పొడి గాజు సీసాలో మూడో వంతు గింజలు, రెండు చెంచాల పొడి ఉప్పు వేసి ఒక నిమిషం ఊపి, పావుగంట వదిలేయండి. ఉప్పు సీసా గోడకు అంటుకుంటే తేమ 15 శాతం దాటినట్టే. అంటకపోయినా సరిపోదు, జొన్నకు 12 శాతం దగ్గరికి రావాలి. మిద్దె మీద పట్ట పరిచి, రెండు మూడు సెంటీమీటర్ల మందాన పోసి, గంటకోసారి కలియబెట్టండి. ఎండలోంచి తీసి వేడి మీదే సంచిలో పోయొద్దు. రాత్రి చల్లబడ్డాక ప్లాస్టిక్ లోపల చెమ్మ పట్టి పైపొర బూజు పడుతుంది. నీడలో బాగా చల్లారాకే నింపండి.

నింపేటప్పుడు సంచిని కుదిపి గింజ సర్దుకునేలా చేయండి. మూతికి జానెడు పైనే వదిలి, గాలి నొక్కేసి, మెలిపెట్టి, మడిచి, సైకిల్ ట్యూబు ముక్కతో కట్టాలి. ఒక్కో పొరకు విడి కట్టు. మూడూ కలిపి ఒకే కట్టు వేస్తే గాలి దూరుతుంది.

దీనికి శత్రువులు ఎలుక, నుసి పురుగు. నుసి పురుగు లోపలినుంచే ప్లాస్టిక్‌ను తొలవగలదు, కాబట్టి ముందే జల్లించి పొయ్యాలి. ఎలుకల కోసం గోడకు ఎడంగా బల్ల మీద పెట్టాలి. వేపాకు అవసరం లేదు. గ్యాస్ మాత్రలు మాత్రం ఇంట్లోకే తేవద్దు, వాటినుంచి వచ్చే ఫాస్ఫిన్ వాయువు మనుషుల ప్రాణాలు తీస్తుంది. కట్టాక రెండు నెలలు ముట్టుకోకపోవడం మంచిది. విప్పిన ప్రతిసారీ కొత్త గాలి లోపలికి పోతుంది గనుక, ఒక్క 50 కిలోల సంచిని రోజూ తెరిచే బదులు నెలకు సరిపడా డబ్బాలోకి తీసి మళ్లీ బిగించండి. మనకు దీనివల్ల ఎక్కువ లాభం కందులు, అలసందల్లో. వాటికి పుచ్చు పురుగు గుడ్లు పొలంలోనే అంటుకుని వస్తాయి.

బాగా ఎండిన గింజ ఇందులో మొలక శక్తి కూడా నిలుపుకుంటుంది. మాల్టు చేసుకునేవాళ్లు తడిగుడ్డలో 100 గింజలు మూటగట్టి చూడండి, మూడు రోజుల్లో 90 మొలిస్తే ఆ సరుకు మంచిది. జొన్న మాల్టయితే ఎండాక మొలక, వేరు నలిపి చెరిగి తీసేయాలి. జొన్న మొలకలో సైనైడ్‌గా మారే పదార్థం ఉంటుంది. రాగికి ఆ బెడద లేదు.

మరకు ఒకేసారి పది కిలోలు మోసుకుపోవద్దు. జొన్న గింజ అంకురంలో నూనె ఉంటుంది, విసిరాక పిండి త్వరగా చేదెక్కుతుంది. రెండు వారాలకు సరిపడా పట్టించి, మర వేడి తగ్గేదాకా పళ్లెంలో పరిచి, ఆ తర్వాతే డబ్బాలో పోయండి.