డీఎన్‌ఏ ఆర్డర్లపై తనిఖీ: కంపెనీల ఇష్టమా, గ్రాంటు షరతా, చట్టమా? ఏది మేలు?

కావలసిన డీఎన్‌ఏ వరుసను (A, T, G, C అనే నాలుగు అక్షరాల క్రమాన్ని) టైపు చేసి పంపితే, తయారుచేసి పార్సిల్‌లో పంపే కంపెనీలున్నాయి. మందుల, టీకాల పరిశోధనలో ఇది మామూలు సంగతే. కానీ 2002లో న్యూయార్క్ రాష్ట్రంలో శాస్త్రవేత్తలు ఇలా తయారైన ముక్కలతోనే పోలియో వైరస్‌ను కట్టారు. తర్వాత కెనడాలో మశూచి కుటుంబానికే చెందిన హార్స్‌పాక్స్ వైరస్‌నూ కట్టారు. అందుకే అమ్మే ముందు చూడాల్సినవి రెండు: అడిగిన వరుస ప్రమాదకరమైనదా, అడుగుతున్నది ఎవరు?

ఈ తనిఖీని కంపెనీల ఇష్టానికి వదిలేయడం ఒక దారి. 2009లో పెద్ద కంపెనీలు కొన్ని కలిసి తమకు తామే నియమాలు పెట్టుకున్నాయి. 2010లో అమెరికా, 2024లో బ్రిటన్ మార్గదర్శకాలు ఇచ్చాయి, పాటించి తీరాలని మాత్రం అనలేదు. మంచి కంపెనీలు పాటిస్తాయి. అయితే తనిఖీకి ఖర్చవుతుంది, ఆర్డరు ఆలస్యమవుతుంది. పాటించనివాడు చవగ్గా, త్వరగా అమ్ముకుంటాడు.

రెండోది గ్రాంటు షరతు. ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) నిధులు తీసుకునేవాళ్లు తనిఖీ చేసే కంపెనీల దగ్గరే కొనాలని అమెరికా 2024 ఏప్రిల్‌లో విధానం తెచ్చింది. తెలివైన ఎత్తే, పెద్ద గిరాకీ పోతుందంటే ఏ కంపెనీ అయినా దారికొస్తుంది. కానీ సొంత డబ్బుతో కొనేవాడిని ఈ షరతు ముట్టుకోదు. అసలు మన భయం గ్రాంటు తీసుకున్న ప్రొఫెసర్ గురించి కాదు కదా! పైగా 2025 మేలో కొత్త ప్రభుత్వం ఒక్క ఉత్తర్వుతో ఆ విధానాన్ని తిరగరాయమంది.

నా ఓటు చట్టానికే. కొనేవాడు ఎవరైనా, అమ్మేవాడు చూసి తీరాలి. ఒక చిక్కుంది: సాంకేతిక వివరాలన్నీ చట్టంలోనే రాసేస్తే అవి త్వరగా పాతబడతాయి. 2010లో అమెరికా తనిఖీలో పోల్చి చూడాల్సిన ముక్కకు 200 అక్షరాల పొడవును కొలతగా పెట్టుకుంది. చిన్న ముక్కల్ని అతికించడం తేలికయ్యాక, 2023లో దాన్ని 50కి దించాలంది. అందుకే బాధ్యత చట్టంలో, కొలతలు నిబంధనల్లో ఉండాలి. ల్యాబ్ బల్లమీదే డీఎన్‌ఏ తయారుచేసే యంత్రాలనూ వదలకూడదు. అక్కడ ఆర్డరూ ఉండదు, చూసే కంపెనీ కూడా ఉండదు.

చట్టమొస్తే చిన్న కంపెనీలు బతకలేవంటారు. ఆ మాటలో సగమే నిజం. వరుసను పోల్చి చూసే సాఫ్ట్‌వేర్ ఇప్పుడు ఉచితంగానే దొరుకుతోంది. ఖర్చంతా ఆ తర్వాతే: ముక్క పొట్టిదయ్యేకొద్దీ, హానిలేని సూక్ష్మజీవుల్లోనూ ఉండే వరుసలకు ఉత్తుత్తి హెచ్చరికలు ఎక్కువవుతాయి. వాటిని విడదీయడానికి విషయం తెలిసిన మనిషి కావాలి. చట్టం చేసే ప్రభుత్వం ఆ మనిషి జీతంలో కొంత భరిస్తే చిన్న కంపెనీలకు ఆ సాకూ మిగలదు.