కొండాపూర్ సర్వీస్ అపార్ట్‌మెంట్‌లో మూడు నెలలు, ఇప్పుడు హఫీజ్‌పేట్ ఫ్లాట్: లెక్కలతో సహా రివ్యూ

పోయినేడు (2025) జూన్‌లో వైజాగ్ నుంచి ట్రాన్స్‌ఫర్ అన్నారు, 16వ తారీఖు హైదరాబాద్ నానక్‌రామ్‌గూడ ఆఫీసులో రిపోర్ట్ చెయ్యాలి, చేతిలో వారం ఉంది. ఫ్లాట్ చూద్దామంటే అమ్మ ఫోన్లో ఒకటే పాట, "ఇంకో పది రోజుల్లో ఆషాఢం, ఇల్లు దొరికినా అప్పుడు దిగుతార్రా ఎవరైనా?" సరే శ్రావణం వచ్చేదాకా ఎక్కడో ఒకచోట ఉందాం అని యాప్‌లో వెతికి కొండాపూర్‌లో, బొటానికల్ గార్డెన్ దగ్గర్లో ఒక సర్వీస్ అపార్ట్‌మెంట్ తీసుకున్నాం, నేనూ మా ఆవిడా. పేరు చెప్పను, చెప్పినా ఉపయోగం లేదు, ఆ రోడ్లో అలాంటివి చాలా ఉన్నాయి, అన్నిటికీ అదే గ్రే కలర్ సోఫా.

వన్ బీహెచ్‌కే. రోజు లెక్కన అయితే 2,600, నెల మొత్తానికి బుక్ చేస్తే (యాప్‌లో 28 రాత్రులు దాటితే నెల రేటు కనపడుద్ది) 48,000, పైన అప్పట్లో 12 శాతం జీఎస్టీ. కరెంటు, వైఫై, రోజు మార్చి రోజు క్లీనింగ్, వారానికోసారి దుప్పట్లు మార్చడం అన్నీ అందులోనే. మొదటి రెండు వారాలు నిజంగా రాజభోగం అండి, సూట్‌కేస్ పెట్టి ఏసీ వేసుకుని పడుకున్నాం అంతే, ఏదీ కొనక్కర్లేదు, ఎవర్నీ బతిమాలక్కర్లేదు. జూన్ చివర్లో కొండాపూర్ నుంచి ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) వైపు కొత్త ఫ్లైఓవర్ కూడా తెరిచారు కాబట్టి గచ్చిబౌలి జంక్షన్‌లో నిలబడే బాధ కూడా కొంచెం తగ్గింది.

మూడో వారం నుంచి వంటిల్లు మొదలైంది. ఫోటోలో చూస్తే మాడ్యులర్ కిచెన్, చూడ్డానికి బ్రహ్మాండం. లోపల ఒక ఇండక్షన్ స్టవ్, కోటింగ్ లేచిపోయిన రెండు పెనాలు, నాలుగు ప్లేట్లు, టమాటా కూడా తెగని ఒక చాకు. మిక్సీ లేదు. మిక్సీ లేని గదిని వంటిల్లు అని ఎలా రాస్తారో నాకు ఇప్పటికీ అర్థం కాదు, పల్లీ చట్నీ చేసుకోలేనప్పుడు ఆ ఇడ్లీ పిండి ప్యాకెట్ తెచ్చుకుని ఏం లాభం? దాంతో రోజుకో పూట బయట ఆర్డర్, నెలకి పది వేలు దానికే పోయేవి, ఈ ఖర్చు ఎవరి లెక్కలోనూ ఉండదు.

వినాయక చవితికి (ఆగస్టు 27) అమ్మ వచ్చింది, ఇంటి నుంచి ఇత్తడి గిన్నె పట్టుకుని మరీ. ఉండ్రాళ్ళకి నీళ్ళు పెడదామని ఆ గిన్నె ఇండక్షన్ మీద పెడితే కీ కీ అని అరిచి ఆగిపోతోంది. ఇత్తడి, అల్యూమినియం ఆ స్టవ్‌కి ఆనవు, అడుగున అయస్కాంతం అంటుకునే గిన్నె ఉండాలి. అమ్మేమో "గిన్నె పెట్టాక కూడా గిన్నె లేదంటుందేంట్రా ఇది" అని దాన్ని రెండుసార్లు ఎత్తి మళ్ళీ పెట్టింది. చివరికి రైస్ కుక్కర్లో కానిచ్చాం. పూజకి సాంబ్రాణి వేశామో లేదో సీలింగ్‌లో స్మోక్ అలారం మోగింది, మేనేజరూ రూమ్ బాయ్ ఇద్దరూ పరిగెత్తుకొచ్చారు, అమ్మ వాళ్ళకి చెరో రెండు ఉండ్రాళ్ళు చేతిలో పెట్టి పంపింది. రూల్స్ పేపర్లో అగరుబత్తి కూడా వెలిగించొద్దని ఉందట, మేం చదవలేదు, తప్పు మాదే.

కానీ తర్వాత జరిగింది మాత్రం మా తప్పు కాదు. సెప్టెంబర్ మొదటి వారంలో ఆ మేనేజరే వచ్చి "సర్, మీ రూమ్ వేరే గెస్ట్‌లకి కన్ఫర్మ్ అయిపోయింది, పైన నాలుగో ఫ్లోర్‌కి మారండి" అన్నాడు. నెల డబ్బులు అడ్వాన్సుగా కట్టాం కదా అంటే "రూమ్ నంబర్ గ్యారంటీ లేదు సర్". అక్కడ వెలిగింది నాకు, మనం కిరాయిదారులం కాదు, గెస్టులం అంతే, నెల రోజులున్నా మూడు నెలలున్నా. కాయితం ముక్క లేదు. బ్యాంకులో అడ్రస్ మార్చుకుందామంటే ఆ బిల్లు ప్రూఫ్‌గా తీసుకోలేదు, హెచ్ఆర్‌ఏకి (అద్దె మీద వచ్చే పన్ను మినహాయింపుకి) పెడితే మా ఆఫీసువాళ్ళు అద్దె రసీదు, ఓనర్ పాన్ కావాలని (ఏడాదికి లక్ష దాటితే పాన్ ఇవ్వాలి కదా) తిప్పి పంపేశారు. అయితే ఇన్‌కమ్ ట్యాక్స్ ఓల్డ్ రెజీమ్‌లో ఉన్నోళ్ళకే ఆ గొడవ, న్యూ రెజీమ్‌లో అసలు హెచ్ఆర్‌ఏనే లేదు.

ఇంతలో ఫ్లాట్ల వేట. శ్రావణంలో మొదలుపెట్టాం. టులెట్ బోర్డు చూసి ఫోన్ చేస్తే మొదటి ప్రశ్న "ఫ్యామిలీనా బ్యాచిలర్సా", రెండోది "నాన్ వెజ్ తింటారా", మూడోది కాస్త గొంతు తగ్గించి "మీరేంట్లు?" (అంటే కులమేంటని). ఈ మూడోదానికి నేను "అద్దె టైముకి కట్టేవాళ్ళం అండి" అంటే రెండు చోట్ల మళ్ళీ ఫోన్ ఎత్తలేదు. సర్వీస్ అపార్ట్‌మెంట్‌లో ఇది ఒక్కడు అడగడు, ఆధార్ జిరాక్స్ ఇస్తే తాళం ఇస్తాడు, ఆ విషయంలో దానికి పూర్తి మార్కులు.

నల్లగండ్లలో ఒకటి బాగా నచ్చింది కానీ ఓనర్ డల్లాస్‌లో ఉంటారు. మా ఆఫీసులో ఒకాయన చెప్పేదాకా నాకు తెలీదు, ఓనర్ ఎన్ఆర్ఐ అయితే అద్దె ఎంతైనా సరే మనమే 31.2 శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) కోసి గవర్నమెంటుకి కట్టాలట, దానికి మళ్ళీ టాన్ నంబర్ (పన్ను కోసేవాళ్ళకి ఇచ్చేది) తీసుకోవాలి. ఆ తలనొప్పి వద్దని వదిలేశాం. చివరికి హఫీజ్‌పేట్‌లో టూ బీహెచ్‌కే, సెమీ ఫర్నిష్డ్, అద్దె 26,000, మెయింటెనెన్స్ 2,800, రెండు నెలల అడ్వాన్స్, బ్రోకర్‌కి ఒక నెల. అగ్రిమెంట్ పదకొండు నెలలకి, ఎప్పటిలాగే (రిజిస్ట్రేషన్ గొడవ ఉండదని అందరూ పదకొండే రాస్తారు). ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కి ఒక నెల అద్దె పట్టుకుంటారని అందులోనే ఉంది, చాలామంది ఆ లైన్ చూడరు.

సంతకాలు అయ్యాయి, దిగుదామంటే మహాలయ పక్షాలు! మళ్ళీ రెండు వారాలు అదే నాలుగో ఫ్లోర్. సెప్టెంబర్ 22, నవరాత్రుల మొదటి రోజు పాలు పొంగించాం. ఇంకో కామెడీ ఏంటంటే సరిగ్గా ఆ రోజు నుంచే రోజుకి 7,500 లోపు రూములకి జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. మేం మొత్తం 12 లెక్కన కట్టి బయటికొచ్చాం.

ఇప్పుడు లెక్క. మూడు నెలలకి సర్వీస్ అపార్ట్‌మెంట్ 1,44,000, జీఎస్టీ 17,280, మొత్తం 1,61,280. అదే మూడు నెలలు ఈ ఫ్లాట్‌లో ఉండి వెళ్ళిపోతే? అద్దె, మెయింటెనెన్స్ 86,400, బ్రోకర్ 26,000, పెయింటింగ్ 26,000, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, మంచం అద్దెకి తెచ్చుకుంటే నెలకి నాలుగు వేల చొప్పున 12,000, కరెంటు, వైఫై 9,000, అంటే 1,59,400. దాదాపు ఒకటే! ఇప్పటి 5 శాతంతో చూస్తే సర్వీస్ అపార్ట్‌మెంటే ఎనిమిది వేలు తక్కువ (బయట తిండి లెక్కెయ్యకపోతే). అదే ఆరు నెలలకి వేసి చూడండి, 12 శాతంతో అది 3,22,560, ఫ్లాట్ 2,66,800. బ్రోకరూ పెయింటింగూ ఒక్కసారే కాబట్టి నెలలు పెరిగేకొద్దీ ఫ్లాటే చవక. మూడు నెలల లోపైతే, పైగా వంట పెద్దగా చేసుకోనివాళ్ళైతే, నేను ఫ్లాట్ జోలికే వెళ్ళొద్దంటా. అమ్మా నాన్నల్ని ఆపరేషన్‌కి తీసుకొచ్చేవాళ్ళకి కూడా అదే మేలు, లిఫ్ట్, గీజర్, పనిమనిషి అన్నీ రెడీగా ఉంటాయి, కాకపోతే ముందు మిక్సీ ఉందా, గ్యాస్ స్టవ్ ఉందా అని ఫోన్ చేసి అడగండి, ఫోటోలు నమ్మొద్దు. ఆరు నెలలు దాటేవాళ్ళకి మాత్రం ఆలోచించడానికేం లేదు, ఫ్లాటే.

ఫ్లాట్ స్వర్గం అనుకునేరు. దిగిన రోజు గ్యాస్ లేదు, కనెక్షన్ ట్రాన్స్‌ఫర్ అయ్యేదాకా ఐదు కేజీల చిన్న సిలిండర్‌తో నెట్టుకొచ్చాం (దానికి అడ్రస్ ప్రూఫ్ అడగరు, ఐడీ చాలు). గీజర్ మేమే పెట్టించుకున్నాం. బోరు నీళ్ళకి పదిహేను రోజుల్లో కుళాయిలన్నీ తెల్లగా పేరుకుపోయాయి, మా ఆవిడ జుట్టు రాలడం గురించి ఇక్కడ రాయొద్దంది. డైనింగ్ టేబుల్ ఎర్రగడ్డ సండే మార్కెట్లో బేరమాడి తెచ్చాం, ఒక కాలు పొట్టి, కింద మడిచిన పేపర్ పెట్టాం.

కానీ పొద్దున్నే మిక్సీ తిరుగుతుంది, తాలింపు పొగ పైకెళ్తుంది, ఏ అలారం మోగదు, రూమ్ మారమని ఎవడూ తలుపు కొట్టడు. బాత్రూంలో కుళాయి కారుతోందని ఓనర్‌కి చెప్తే ఆదివారం ప్లంబర్ని పంపిస్తా బాబూ అన్నారు. మూడు ఆదివారాలైంది, కింద బకెట్ పెట్టాం, ఆ నీళ్ళతో మా ఆవిడ బాల్కనీలో కరివేపాకు మొక్క పెంచుతోంది.